పాట నేర్పను, గొంతు చూస్తాను

(అమలాపురంలో గాయనీగాయకులు, సంగీత విద్యార్థుల ముందు మాట్లాడినది. రికార్డింగు విని రాసిన పాఠం.)

మైకు ఇంకాస్త దగ్గరికి జరపండి బాబూ. వెనకనుంచి ఎవరో గట్టిగా మాట్లాడమని సైగ చేస్తున్నారు. నేను మాట్లాడనండి, ఆ సౌండాయన్ని పెంచమనండి. పొద్దస్తమానం జనానికి అరవొద్దని చెప్పి, ఇక్కడికొచ్చి నేనే అరిస్తే ఏం బాగుంటుంది చెప్పండి.

పరిచయం చేసిన అబ్బాయి నన్ను సంగీతం టీచరు అన్నాడు. పాపం అతని తప్పేం లేదు, మా వీధిలోనూ అలాగే అనుకుంటారు. నేను వాయిస్ కోచ్‌ని, అంటే పాట నేర్పను, పాడేవాళ్ళ గొంతు చూస్తాను. సరళీ స్వరాలు, జంట స్వరాలు, గీతాలు, వర్ణాలు చెప్పేవాళ్ళు మన గోదావరి జిల్లాల్లో బోలెడుమంది ఉన్నారు, నాకంటే బాగా చెబుతారు కూడా. నా దగ్గరికి వచ్చేవాళ్ళు అవన్నీ దాటేసినవాళ్ళు. పాట మీద ఇల్లు గడుపుకునేవాళ్ళు. ఆర్కెస్ట్రాల్లో పాడేవాళ్ళు, పద్య నాటకాలవాళ్ళు, హరికథ చెప్పేవాళ్ళు, చర్చిల్లో ఆరాధన నడిపించేవాళ్ళు, హైదరాబాదులో ట్రాకులు పాడుకుంటూ పండక్కి ఇంటికొచ్చేవాళ్ళు. రాగం, తాళం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. వాళ్ళ బాధల్లా ఒకటే, "మేడమ్, ఎల్లుండి ప్రోగ్రాం ఉంది, పైకి వెళ్తుంటే గొంతు రావట్లేదు."

ఎల్లుండి! నెల ముందు ఒక్కరూ రారండి. ఈ పనిలోకి రావాలనుకునేవాళ్ళు ముందు దీనికి సిద్ధపడాలి. రెండు రోజుల్లో గొంతు మార్చడం బ్రహ్మతరం కూడా కాదు. మరి మనం చెయ్యగలిగిందేమిటంటే, పాడేటప్పుడు అనవసరంగా పడుతున్న కష్టం ఎక్కడుందో చూసి తగ్గించడం, పాటల వరుస మార్చడం, శ్రుతి దించడం, అవేవీ కుదరకపోతే "ఈ ప్రోగ్రాం మానెయ్యి" అని చెప్పడం. ఆఖరి మాట చెప్పడానికి గుండె నిబ్బరం కావాలి, ఎందుకంటే అవతలి మనిషి అప్పటికే అడ్వాన్సు తీసుకుని ఉంటాడు, అది ఖర్చయిపోయి కూడా ఉంటుంది.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను, పేరు అడక్కండి. ఆర్కెస్ట్రాలో పాడుతుంది. వినాయక చవితి పందిళ్ళు, రాత్రి ఎనిమిదికి మొదలైతే ఒంటిగంట దాకా, వరసగా ఊరు మార్చి ఊరు. పక్కనే జనరేటరు పొగ, ముందు అగరొత్తులు, కర్పూరం. నా దగ్గరికి రాగానే పాడబోయింది, వద్దన్నాను. ముందు మాట్లాడించాను. తిన్నావా, ఎవరితో వచ్చావు, పిల్లలు ఏం చదువుతున్నారు, ఇలాంటివే. సగం సంగతి మాటల్లోనే తెలిసిపోతుంది. వాక్యం చివరికొచ్చేసరికి గొంతు గరగరమంటూ కిందికి జారిపోతోందా, రెండు మాటలకోసారి గొంతు సవరించుకుంటోందా, ఊపిరి తీసుకుంటే భుజాలు పైకి లేస్తున్నాయా, ఇవి చూస్తాను. తర్వాత పక్క గదిలోవాళ్ళకి కూడా వినపడనంత మెల్లగా పై స్థాయిలో 'ఊ' అనమన్నాను. మీరూ ఇంటికెళ్ళి చేసి చూడండి. గట్టిగా పాడితే వాపు దాగిపోతుంది, తోసుకుని పాడేస్తాం. మెల్లగా పాడినప్పుడు దాగదు. వాపున్న స్వరతంత్రులు, అంటే గొంతులో కంపించి నాదం పుట్టించేవి, మెల్లటి పై స్వరాన్ని వెంటనే అందుకోలేవు, ముందు గాలి పోతుంది, ఆ తర్వాత నాదం వస్తుంది. ఆ అమ్మాయికి 'ఊ' ముందు 'హ్' వచ్చింది. ఇంకోసారి అనమన్నా అదే.

అప్పుడు ఒక గ్లాసులో సగం నీళ్ళు పోసి, బొండాల కొట్టులో ఇచ్చే స్ట్రా ఒకటి ఇచ్చాను. కాగితపు స్ట్రా వద్దు, నానిపోతుంది. స్ట్రా చివర రెండు వేళ్ళ లోతు మునిగేలా పెట్టి, పెదాలు గాలి పోకుండా మూసి, అందులోకి 'ఊ' అని కూనిరాగం తియ్యాలి. నీళ్ళు బుడగలు వస్తాయి, చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, పెద్ద సింగర్లు సిగ్గుపడతారు. కానీ లోపల జరిగేది మంచి విషయం. నోరు దాదాపు మూసి ఉండటం వల్ల గాలి ఒత్తిడి కొంత వెనక్కి తిరిగి తంత్రుల మీదికి వస్తుంది, ఆ ఒత్తిడికి అవి ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండా తేలిగ్గా కంపిస్తాయి. అమెరికాలో ఇంగో టిట్జె అనే శాస్త్రవేత్త దీన్ని బాగా పరిశోధించి ప్రచారంలోకి తెచ్చారు. మన పాతవాళ్ళు పెదాలు మూసి 'మ్' అంటూ శ్రుతిలో నిలబడమనేవారు కదా, అందులోనూ నోరు మూసే ఉంటుంది.

అయితే స్ట్రాతో ప్రోగ్రాం గట్టెక్కదండి. అసలు సమస్య స్కేలు. ఒక పాట సినిమాలో ఎవరో ఎక్కడో పాడారు, ఇక్కడ అదే స్కేల్లో పాడాలి. లేకపోతే "ఒరిజినల్లో లేదు" అని పందిరివాళ్ళు అనుకుంటారని భయం. వినేవాళ్ళలో స్కేలు కనిపెట్టేవాళ్ళు ఎంతమందండి? కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ అని ఒకటి ఉంటుంది. రెండు సార్లు నొక్కితే రెండు అరస్వరాలు దిగుతుంది, వాయించే ఆయన వేళ్ళు మార్చుకోనక్కర్లేదు. ఆ కీబోర్డాయనకి నేనే ఫోన్ చేసి బతిమాలుకున్నాను. పై స్థాయి పాటలు మూడింటిని వరసగా పెట్టారు, వాటి మధ్యలో డ్యూయెట్లు పెట్టించాను. ఇందులో సంగీతం ఏముంది అంటారా, ఏమీ లేదు. నా పనిలో ఇలాంటిదే ఎక్కువ.

గొంతులో ఏముందో రెండు ముక్కలు చెప్పేస్తాను. రెండు తంత్రులు. ఆడవాళ్ళకి సుమారు సెంటీమీటరున్నర, మగవాళ్ళకి రెండు సెంటీమీటర్లు, అంతే. హార్మోనియం మీద ఆరో శ్రుతి పట్టుకుని మధ్య స్థాయి షడ్జం పాడితే అవి సెకనుకి 220 సార్లు తెరుచుకుని మూసుకుంటాయి. ఐదు గంటల ప్రోగ్రాంలో ఎన్ని లక్షల సార్లో లెక్కేసుకోండి. తోసి పాడేవాళ్ళకి ఆ దెబ్బంతా ఎక్కువగా ఒకే చోట పడుతుంది, తంత్రి ముందు భాగం మూడో వంతు ముగిసే దగ్గర. పార పట్టేవాళ్ళ అరిచేతిలో కాయ కాసినట్టు అక్కడ రెండు వైపులా గట్టిపడుతుంది. వాటినే నాడ్యూల్స్ అంటారు. ఆ మాట వినగానే మనవాళ్ళు ఆపరేషన్ అని ఏడుపు మొదలెడతారు. చాలామందికి మొదట ఇచ్చేది స్పీచ్ థెరపీనే, మాట్లాడే తీరు, పాడే తీరు మారిస్తే తగ్గేవి ఎక్కువ.

నేను భయపడేది ఇంకోదానికి. పాడుతుండగా ఉన్నట్టుండి గొంతు పోవడం. తంత్రిలో చిన్న రక్తనాళం చిట్లితే అలా అవుతుంది. అప్పుడు ఆ పాట పూర్తి చెయ్యకూడదు, పాడటం, మాట్లాడటం రెండూ ఆపేసి ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. తలనొప్పికని ఆస్పిరిన్ వేసుకుని స్టేజీ ఎక్కేవాళ్ళకి ఈ ముప్పు ఎక్కువ. మన ఊళ్ళలో ఇంకో అలవాటుంది. గొంతు బొంగురుపోయిందని ప్రోగ్రాం రోజు సాయంత్రం ఎవరి దగ్గరికో వెళ్ళి స్టెరాయిడ్ ఇంజక్షను చేయించుకుని వస్తారు. వాపు తాత్కాలికంగా దిగుతుంది, గొంతు సుబ్బరంగా పలుకుతుంది, దాంతో ధీమా వచ్చి మామూలుకంటే గట్టిగా పాడేస్తారు. దెబ్బ తగిలిన చోటే మళ్ళీ దెబ్బ. గొంతు చూసే డాక్టరు కెమెరాతో చూసి, అవసరమని రాసిస్తే అది వేరే సంగతి. చూడకుండా పొడిపించుకుంటే మాత్రం నా దగ్గరికి రావొద్దని ముందే చెప్పేస్తాను. బొంగురు మూడు వారాలు దాటితే నేను కూడా పాఠం చెప్పను, డాక్టరు చూసిన కాగితం తెమ్మంటాను. గొంతు లోపల ఏముందో చెవితో ఊహించగలను గానీ చూడలేను కదా.

చూడటం అంటే గుర్తొచ్చింది. పాడుతున్న మనిషి స్వరతంత్రులని అద్దంలో చూసి లోకానికి చెప్పిన పెద్దమనిషి డాక్టరు కాదండి, పాటల మాస్టారు. మాన్యుయెల్ గార్సియా అని స్పెయిన్ ఆయన. 1854లో పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం గొంతులోకి పెట్టుకుని, ఇంకో అద్దంతో ఎండని లోపలికి పంపి, తన తంత్రులు తానే చూసుకున్నాడు. మరుసటి ఏడాది లండన్‌లో రాయల్ సొసైటీకి ఆ సంగతులు నివేదించాడు. నూటొక్కేళ్ళు బతికి 1906లో పోయాడు. మా వృత్తికి మూలపురుషుడు అంటే ఆయన్నే చెప్పుకుంటాను.

ఇప్పుడు వంటింటి వైద్యం. మిరియాల పాలు, కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం, అతిమధురం, పటికబెల్లం, తేనె. ఇవి మింగితే స్వరతంత్రులకి తగులుతాయని అందరి నమ్మకం. తగలవు. తగిలితే పొలమారి దగ్గుతో చస్తాం. మనం తినేది, తాగేది అన్నవాహికలోకి పోతుంది, తంత్రులు ఉన్నది గాలి గొట్టం మీద. మరి కరక్కాయతో హాయిగా ఎందుకుంటుందంటే నోట్లో లాలాజలం ఊరుతుంది, మాటిమాటికీ మింగుతాం, గొంతు సవరించుకోవడం తగ్గుతుంది. అదీ లాభమే, మానమని నేను చెప్పను. తిన్నగా తంత్రుల దాకా వెళ్ళేది పీల్చిన ఆవిరి. తాగిన నీళ్ళు రక్తంలో కలిసి అక్కడికి చేరాలి, దానికి టైము పడుతుంది, కాబట్టి స్టేజీ మీద తాగే నీళ్ళకంటే పొద్దున్నుంచి తాగినవి పనికొస్తాయి.

తిండి సంగతి మన వైపు చెప్పడం కష్టం. ప్రోగ్రాం అయ్యాక రాత్రి రెండింటికి బిర్యానీయో, చేపల పులుసో పెడతారు, ఆకలి మీద దట్టంగా తింటారు, వ్యాన్‌లో నడుం వాలుస్తారు. కడుపులో ఆమ్లం పైకి తన్ని తంత్రుల మీద పడుతుంది. పొద్దున లేచేసరికి గొంతు బరువు, నోట్లో పులుపు. ఇది రాత్రి పాడటం వల్ల వచ్చిన బొంగురనుకుంటారు, సగంమందికి అది తిండి వల్లే అని నా అనుమానం. ఆడవాళ్ళకి నెలసరి ముందు రోజుల్లో తంత్రులు కొంచెం ఉబ్బుతాయి, పై స్వరాలు బరువవుతాయి. ఈ మాట మగ మాస్టార్లకి చెప్పుకోలేక ఎంతమంది సతమతమయ్యారో నాకు తెలుసు. ఆ రోజుల్లో పెద్ద రికార్డింగు పెట్టుకోవద్దు, కుదిరితే.

పద్య నాటకాలవాళ్ళ గురించి కాస్త ఎక్కువ చెప్పాలనుంది, మా నాన్నగారు ఆ నాటకాలకి హార్మోనియం వాయించేవారు. మైకుల్లేని రోజుల్లో చివరి వరసలో కూర్చున్నవాడికి పద్యం వినపడేది, దాని మీద వన్స్‌మోర్ కూడా కొట్టేవారు. అది బలం వల్ల అనుకుంటాం. స్వీడన్‌లో యోహాన్ సుండ్‌బర్గ్ అనే ఆయన ఆపెరా గాయకుల మీద పరిశోధన చేసి చూపించిందేమిటంటే, వాళ్ళ గొంతులో సుమారు 3000 హెర్ట్‌జ్ దగ్గర ఒక ప్రత్యేకమైన మోత ఉంటుంది. వాద్యాల శబ్దానికి బలమంతా అంతకంటే చాలా కింద, 500 చుట్టూ. మన చెవి చురుగ్గా వినేదేమో ఆ మూడు వేల దగ్గర. అందుకే ఆ గొంతు అన్నింటినీ దాటుకుని వస్తుంది. మనవాళ్ళ గొంతు ఖంగుమనడంలో ఉన్నదీ అలాంటిదేనని నా చెవికి తోస్తుంది. చిక్కేమిటంటే, ఖంగుమనడం రాని కుర్రాళ్ళు దాన్ని మెడతో తెస్తున్నారు. మెడ నరాలు తాళ్ళలా కనపడతాయి, మొహం ఎర్రబడుతుంది, ముందు జేబుకి కాలర్ మైకు కూడా ఉంటుంది! మైకు పెట్టుకుని మళ్ళీ అరవడం ఎందుకు నాయనా అంటే, "అరవకపోతే భావం రాదండి" అంటారు. ఆ మాట మీద ఒక పెద్దాయనకీ నాకూ చాలా వాదన జరిగింది, ఆయన ఇప్పటికీ ఒప్పుకోలేదు. కాకపోతే రిహార్సల్‌లో మాత్రం సగం గొంతుతో పాడుతున్నారు. నాకు అది చాలు.

ఇలాంటిదే ఇంకోటి, అనుకరణ. ఊరికో ఘంటసాల ఉంటాడు మన దగ్గర. ఘంటసాల గారు విజయనగరంలో పద్ధతిగా శాస్త్రీయ సంగీతం చదువుకున్నవారు. బాలు గారు తాను శాస్త్రీయంగా నేర్చుకోలేదని తానే చెప్పుకునేవారు. ఇద్దరి దారులూ వేరు. వాళ్ళని అనుకరించేవాళ్ళు మాత్రం ఇద్దరినీ ఒకే రకంగా, గొంతు కిందికి నొక్కి, బరువు పెంచి పాడుతున్నారు. రికార్డింగులో మైకుకి దగ్గరగా నిలబడి మెల్లగా అన్న మాటని వీళ్ళు స్టేజీ మీద గావుకేకగా అంటారు. ఆ బరువు అక్కర్లేదని నేను చెబితే, "అయితే నన్నెవరు పిలుస్తారు మేడమ్, ఆ గొంతు కోసమే కదా పిలిచేది" అన్నాడొకాయన. నిజమే. అతని బతుకు తెరువు అది. అందుకని ఆ రంగు ఎక్కడెక్కడ తప్పనిసరో, ఎక్కడ వదిలేసినా వినేవాడికి తేడా తెలియదో పాటపాటకీ గుర్తులు పెట్టుకున్నాం. పల్లవి మొదటి వరస చాలు, జనం అక్కడే చప్పట్లు కొట్టేస్తారు.

పిల్లల విషయం తొందరగా చెప్పి ముగిస్తాను. టీవీ పోటీల పుణ్యమా అని పన్నెండు, పదమూడేళ్ళ మగపిల్లల్ని తీసుకొచ్చి "మావాడి గొంతు పోయిందండి" అంటారు. పోలేదమ్మా, పెద్దవాడవుతున్నాడు. ఆ వయసులో స్వరపేటిక పెరిగి గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. దిగేటప్పుడు జీర వస్తుంది, పగులుతుంది. పాత శ్రుతిలోనే పాడించాలని పట్టుబడితే మాత్రం నిజంగానే పాడవుతుంది. శ్రుతి దించి, తక్కువ పరిధిలో మెల్లగా పాడించండి. కప్పు ఇంకో ఏడాది ఎవరో ఒకరు తెచ్చుకుంటారు. మన శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారు కూడా చిన్నప్పుడే కచేరీలు చేశారు కదా అంటారు. మంచిదే. అందరి పిల్లలూ ఆయనే అయితే నాకు పనేముంది.

ఇక ఉద్యోగంగా దీని సంగతి. పేరు రాదండి, ఇది ముందే తెలుసుకోండి. సింగరు గొంతు బాలేదన్న మాట బయటికి పొక్కితే వచ్చే సీజన్ బుకింగులు పోతాయి. అందుకే నా దగ్గరికి వస్తున్నట్టు ఎవరూ చెప్పుకోరు. ఒకాయన ఫోన్లో నా నంబరు ఎరువుల షాపు అని ఉంటుంది, ఒకమ్మాయి ఫోన్లో టైలరాంటీ. స్టేజీ మీద సన్మానం జరుగుతుంటే నేను జనంలో కూర్చుని పల్లీలు తింటూ ఉంటాను. మీకు నోటి మీద అదుపు లేకపోతే ఈ పని వద్దు. ఒక్కరి సంగతి ఇంకొకరి దగ్గర అన్నారంటే జిల్లా మొత్తం మానేస్తుంది.

చదువు ఏం చదవాలని చాలామంది అడిగారు. మన దేశంలో వాయిస్ కోచ్‌కి లైసెన్సంటూ లేదు, బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు, అదే ప్రమాదం. గొంతు జబ్బుకి చికిత్స చేసేవాళ్ళకి మాత్రం దారి ఉంది, బీఏఎస్ఎల్‌పీ అని వినికిడి, మాట సమస్యల చికిత్స నేర్పే నాలుగేళ్ళ డిగ్రీ, మైసూరులో 1965లో పెట్టిన ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ లాంటి చోట్ల. తర్వాత రిహాబిలిటేషన్ కౌన్సిల్లో రిజిస్టర్ కావాలి. పాట తెలిసినవాళ్ళు అది చదివితే బంగారం, అలాంటివాళ్ళు మన వైపు చాలా తక్కువ. అంత చదవలేకపోతే, పద్ధతిగా సంగీతం నేర్చుకోండి, కీబోర్డు మీద ఏ పాటనైనా ఏ శ్రుతికైనా మార్చి వాయించడం నేర్చుకోండి, గొంతు నిర్మాణం చదవండి, ఒక ఈఎన్‌టీ డాక్టరుని బతిమాలుకుని ఆయన కెమెరాతో చూసేటప్పుడు పక్కన నిలబడండి. విన్న గొంతునీ తెర మీద కనిపించిన తంత్రులనీ కలిపి చూసుకోవడం అలవాటైతే చెవి పదునెక్కుతుంది. నాకు అక్కడ వచ్చినంత చదువు ఏ సర్టిఫికెట్ కోర్సులోనూ రాలేదు.

ఎవరో చెయ్యెత్తారు. ఐస్‌క్రీమా? తినొచ్చమ్మా. చల్లదనానికి తంత్రులు పాడవవు. కొంతమందికి పాలవి తింటే గొంతులో చిక్కగా అనిపిస్తుంది, నీకు అలా అవుతుందో లేదో ప్రోగ్రాం లేని రోజు తిని చూసుకో.

ఆ వెనక అబ్బాయి అడిగింది అందరికీ వినపడిందా? దీని మీదే బతకొచ్చా అంటున్నాడు. ఇక్కడ ఉండి ఒట్టి దీని మీదే అంటే మొదట్లో కష్టం బాబూ, స్కూల్లోనో ట్యూషన్లోనో చేతిలో ఉన్న పని వదలకు. ఆన్‌లైన్‌లో అమెరికాలో ఉన్న మనవాళ్ళు దొరుకుతారు, డబ్బు బాగానే ఇస్తారు. కాకపోతే జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అనే ఆప్షన్ పెట్టించకపోతే సాగదీసిన స్వరాన్ని అది ఫ్యాన్ చప్పుడనుకుని కోసేస్తుంది. ఇక్కడివాళ్ళకి సీజన్ ఉంటుంది. ఆషాఢంలో, మూఢంలో పెళ్ళిళ్ళుండవు, ప్రోగ్రాములు తగ్గిపోతాయి, సింగర్ల చేతిలో డబ్బులుండవు, కానీ వాళ్ళ గొంతుకి తీరిక దొరికేది ఆ రోజుల్లోనే, గొంతు మార్చే అసలు పని జరిగేదీ అప్పుడే. అందుకని ఆషాఢంలో అప్పు మీద నేర్పుతాను, దసరా అయ్యాక ఇమ్మంటాను. చాలామంది ఇస్తారు. ఇవ్వలేనివాళ్ళు దింపు తీసినప్పుడు కొబ్బరికాయల బస్తా పంపిస్తారు, అన్ని కాయలు మా ఇంట్లో ఎవరు తింటారండి, పక్కవాళ్ళకి పంచేస్తాం.